బిన్ ఫైలుకు ఎంపీ4 అని పేరు పెడితే పెళ్లి వీడియో ఎందుకు ఆడదు?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. 2004లో తిరుచానూరులో మీ అక్కగారి పెళ్లి జరిగింది. స్టూడియోవాళ్లు రెండు వీసీడీలు, అంటే వీడియో సీడీలు, ఇచ్చారు. ఆ డిస్కులు ఇప్పుడు మీ దగ్గర లేవు. కానీ అప్పట్లో బంధువు ఒకరు వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టిన ఫోల్డరు దొరికింది. మొదటి డిస్కు బిన్, క్యూ అనే రెండు ఫైళ్లుగా ఉంది. రెండోది ఎన్ఆర్‌జీ అనే ఒకే ఫైలుగా ఉంది. ఫోనులో ఆడుతుందేమోనని బిన్ ఫైలు పేరు చివర ఎంపీ4 అని మార్చారు. ఆడలేదు. చిత్తూరులో ఒక దుకాణంలో చూపిస్తే వైరస్ పట్టిందన్నారు. ఫైలు పోయిందా, అసలు ఈ ఐఎస్ఓ, బిన్, డీఎంజీ అంటే ఏమిటి అని అడిగారు.

ఫైలు పోలేదు. వైరస్ కూడా కాదు. పేరు చివర అక్షరాలు మార్చినంత మాత్రాన లోపలి సరుకు మారదు, పాడవదు కూడా. ఎంపీ4 అన్నది తీసేసి మళ్లీ బిన్ అని పెట్టండి, ఎప్పటిలాగే ఉంటుంది. మీ దగ్గరున్నవి వీడియో ఫైళ్లు కావు, డిస్కు మొత్తానికి తీసిన నకళ్లు. వీటినే డిస్క్ ఇమేజ్ అంటాం. వీడియో వాటి లోపల ఉంది. ఐసోబస్టర్ లాంటి ప్రోగ్రాంతో తెరిచి, వీడియోను ఎంపీజీ ఫైలుగా బయటకు తీసుకోవాలి. అయితే ఏ పని మొదలుపెట్టే ముందైనా ఆ ఫోల్డరు మొత్తాన్ని వేరే హార్డ్ డిస్కులోకి ఒకసారి కాపీ చేసి పక్కన పెట్టండి. డిస్కులు లేవు కాబట్టి ప్రపంచంలో ఆ పెళ్లికి మిగిలిన ప్రతి ఇదొక్కటే.

తిరుపతిలో పాత సీడీలు, డీవీడీలు, హార్డ్ డిస్కుల నుంచి ఫొటోలు, వీడియోలు బయటకు తీసి ఇవ్వడం నా పని. కొండ మీద, కొండ కింద ఏడాది పొడవునా పెళ్లిళ్లు జరిగే ఊరు ఇది. కాబట్టి మీలాంటి ఫోల్డర్లు నా దగ్గరకు తరచుగా వస్తాయి. కొందరు నా దాకా వచ్చేసరికే "పనికిరాని ఫైలు" అనుకుని తుడిచేసి ఉంటారు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

విండోస్‌లో ఒక ఫైలు మీద రెండుసార్లు నొక్కితే, అది ముందుగా చూసేది పేరులో చివరి చుక్క తర్వాత ఉన్న అక్షరాలను. జేపీజీ అని ఉంటే ఫొటోలు చూపే ప్రోగ్రాంకు, ఎంపీ4 అని ఉంటే వీడియో ప్లేయరుకు అప్పగిస్తుంది. లోపల ఏముందో తెరిచి చూసే బాధ్యత విండోస్ తీసుకోదు. మీ విషయంలోనూ అదే జరిగింది. పేరు చివరి అక్షరాలనే చీటీని నమ్మి మీ ఫోను ఫైలును ప్లేయరుకు పంపింది. ప్లేయరు లోపలికి చూసి, ఇది ఎంపీ4 కాదని తిప్పి పంపింది. జాడీ మీద ఆవకాయ అని చీటీ అంటించినా లోపలున్న ఉప్పు ఉప్పే.

మరి లోపలున్నది నిజంగా ఏమిటో ఎలా తెలుస్తుంది? చాలా రకాల ఫైళ్లు మొదటి కొన్ని బైట్లలోనే తమ గుర్తు చెప్పుకుంటాయి. హెచ్ఎక్స్‌డీ అని ఒక ఉచిత ప్రోగ్రాం ఉంది. ఏ ఫైలునైనా బైట్లవారీగా చూపిస్తుంది. అందులో పీడీఎఫ్ తెరిస్తే మొదట్లోనే శాతం గుర్తు, పక్కన పీడీఎఫ్ అనే అక్షరాలు కనిపిస్తాయి. జేపీజీ ఫొటో అయితే ఎఫ్ఎఫ్ డీ8 ఎఫ్ఎఫ్ అని మొదలవుతుంది. జిప్ ఫైలుకు మొదటి అక్షరాలు పీ, కే. ఆ పద్ధతిని తయారుచేసిన ఫిల్ కాట్జ్ పేరులోని అక్షరాలవి. విండోస్ ప్రోగ్రాం ఫైలు, అంటే ఈఎక్స్ఈ, ఎం, జెడ్ అక్షరాలతో మొదలవుతుంది. అవి మైక్రోసాఫ్ట్‌లో పనిచేసిన మార్క్ జ్బికోవ్‌స్కీవి. ఇప్పటి వర్డ్ ఫైలు డాక్ఎక్స్‌ను, ఆండ్రాయిడ్ యాప్ ఏపీకేను తెరిచి చూడండి, రెండూ పీకే అనే మొదలవుతాయి. ఎందుకంటే రెండూ లోపల జిప్ ఫైళ్లే.

ఇప్పుడు మీ బిన్ ఫైలును అదే ప్రోగ్రాంలో తెరవండి, మార్చవద్దు, చూడండి చాలు. మొదటి బైటు 00, ఆ తర్వాత వరసగా పది ఎఫ్ఎఫ్‌లు, మళ్లీ ఒక 00 కనిపిస్తే, అది సీడీని ఉన్నదున్నట్టు దించిన నకలు. సీడీ మీద సమాచారాన్ని చిన్న చిన్న సమాన ముక్కలుగా రాస్తారు, ఒక్కో ముక్కను సెక్టారు అంటారు. డేటా ఉన్న ప్రతి సెక్టారూ ఆ పన్నెండు బైట్లతోనే మొదలవుతుంది. సెక్టారు ఎక్కడ మొదలైందో డ్రైవుకు చెప్పే గుర్తు అది. వైరస్ అన్నవారికి ఆ మొదటి వరుస చూపించండి.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి, ఎందుకంటే మీ వీడియో బతకడం దాని మీదే ఆధారపడి ఉంది.

సీడీలో ఒక సెక్టారు అంటే 2,352 బైట్లు. పాటల సీడీలో ఆ 2,352 మొత్తం పాటకే. సెకనుకు 75 సెక్టార్లు చదివితే 1,76,400 బైట్లు వస్తాయి. సెకనుకు 44,100 నమూనాలు, రెండు ఛానళ్లు, ఒక్కో నమూనాకు రెండు బైట్లు, లెక్క సరిగ్గా సరిపోతుంది. కంప్యూటర్ ఫైళ్లు పెట్టే డేటా సీడీలో అలా కుదరదు. పాటలో ఒక బిట్ తప్పితే చెవికి తెలియదు, ప్రోగ్రాంలో ఒక బిట్ తప్పితే అది నడవకపోవచ్చు. అందుకని అక్కడ 2,048 బైట్లే మన డేటాకు ఇచ్చి, మిగతా చోటును ప్రధానంగా తప్పులు పట్టుకోవడానికి, సరిదిద్దడానికి వాడతారు. వీసీడీ ఈ రెండింటికీ మధ్యస్థం. వీడియోలో ఒక చిన్న గడి చెదిరినా ఫరవాలేదని, సరిదిద్దే భాగాన్ని వదిలేసి సెక్టారుకు 2,324 బైట్ల వీడియో నింపారు. 650 ఎంబీల డేటా పట్టే సీడీలోనే 74 నిమిషాల వీసీడీ ఇమడడానికి కారణం ఇదే.

ఐఎస్ఓ ఫైలు సంగతి ఇప్పుడు అర్థమవుతుంది. ఐఎస్ఓ సాధారణంగా ప్రతి సెక్టారు నుంచి 2,048 బైట్లే దాచుకుంటుంది. డేటా డిస్కుకు అది చాలు, ఏమీ పోదు. కానీ వీసీడీని ఐఎస్ఓగా దించితే ప్రతి వీడియో సెక్టారులో 276 బైట్లు గాలికి పోతాయి. అలాంటి ఫైళ్లు నా దగ్గరకు వచ్చాయి. తెరిస్తే ఫోల్డర్లు చక్కగా కనిపిస్తాయి, వీడియో ఫైలు పేరు కనిపిస్తుంది, సైజు కూడా కనిపిస్తుంది. ఆడిస్తే మాత్రం బొమ్మ ముక్కలు ముక్కలై, శబ్దం తెగిపోతూ వస్తుంది. అసలు డిస్కు లేకపోతే దానికి మందు లేదు. మీ బంధువు ఐఎస్ఓ కాకుండా బిన్, క్యూగా దించడం మీ అదృష్టం. తెలిసి చేశారో తెలియక చేశారో, ఆ మనిషికి ఒకసారి ఫోను చేసి కృతజ్ఞతలు చెప్పండి.

ఫైలు ఏ రకమో చెప్పే ఇంకో చిట్కా, ప్రోగ్రాం ఏదీ అక్కర్లేదు. ఫైలు ప్రాపర్టీస్‌లో సైజు బైట్లలో ఉంటుంది. దాన్ని క్యాలిక్యులేటర్‌లో 2,352తో భాగించండి. శేషం లేకుండా పోతే అది పూర్తి సెక్టార్ల నకలు. 2,048తో నిశ్శేషంగా పోతే ఐఎస్ఓ తరహా నకలు. బిన్ అన్న పేరును మాత్రం ఎన్నడూ నమ్మకండి. రూటర్‌కు ఎక్కించే సాఫ్ట్‌వేరు కూడా బిన్ అన్న పేరుతోనే వస్తుంది.

క్యూ ఫైలు చిన్నది, ఉత్త అక్షరాల ఫైలు. నోట్‌ప్యాడ్‌లో తెరవండి. మొదటి వరుసలో కొటేషన్ గుర్తుల మధ్య బిన్ ఫైలు పేరు ఉంటుంది. కింద ఏ ట్రాక్ ఏ రకం, ఎన్ని నిమిషాల ఎన్ని సెకన్ల దగ్గర మొదలవుతుంది అన్నది రాసి ఉంటుంది. వీసీడీకి మోడ్2/2352 అని, కనీసం రెండు ట్రాకులు కనిపించాలి. మొదటి ట్రాకులో ఫోల్డర్లు, చిన్న ఫైళ్లు ఉంటాయి. వీడియో రెండో ట్రాకు నుంచి. మొదటి వరుసలో ఉన్న పేరు, బిన్ ఫైలు అసలు పేరు అక్షరం తేడా లేకుండా ఒకటే కావాలి, రెండూ ఒకే ఫోల్డర్లో ఉండాలి. మీరు బిన్‌ను ఎంపీ4గా మార్చిన క్షణం నుంచి క్యూ ఫైలు తన జోడీని వెతుక్కుంటూ ఉంది. పేరు వెనక్కి మార్చగానే దొరుకుతుంది. పాత పేరు గుర్తు లేకపోతే ఈ వరుస చూసి అదే పెట్టండి.

ఇక పని. ఐసోబస్టర్‌లో క్యూ ఫైలును తెరవండి, బిన్‌ను కాదు. ఎడమవైపు ట్రాకులు, ఎంపీఈజీఏవీ అనే ఫోల్డరు, అందులో ఏవీఎస్ఈక్యూ01 అనే పేరుతో డీఏటీ ఫైలు కనిపిస్తాయి. దాన్ని బయటకు తీసేటప్పుడు ఎంపీఈజీ వీడియో ఫ్రేములను మాత్రమే వడకట్టి తీసే ఎంపిక ఉంటుంది, అదే తీసుకోండి. వచ్చిన ఎంపీజీ ఫైలును ఏ మార్పూ లేకుండా భద్రపరచండి, అదే మీ అసలు ప్రతి. బిన్ నుంచి ఎంపీజీ తీయడానికి వీసీడీగేర్ అనే పాత ఉచిత ప్రోగ్రాం కూడా బాగానే పనిచేస్తుంది.

ఫోనులో చూడడానికి వీఎల్‌సీ యాప్ ఎంపీజీని నేరుగా ఆడిస్తుంది. అందరికీ పంపాలంటే హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే ప్రోగ్రాంతో ఎంపీ4గా మార్చండి. పేరు మార్చడానికీ దీనికీ ఉన్న తేడా ఇదే. ఇక్కడ బొమ్మను, శబ్దాన్ని విప్పి, కొత్త పద్ధతిలో మళ్లీ కడుతుంది. ఆ సమయంలో సైజు పెంచి 1080 చేద్దామని ఆశపడకండి. మన దగ్గరి వీసీడీ బొమ్మ 352 నిలువు గీతలు, 288 అడ్డ గీతలు, అంతకుమించి అందులో సమాచారం లేదు. పెంచితే ఫైలు బరువెక్కుతుంది, మొహాలు స్పష్టం కావు. వాట్సాప్‌లో పంపేటప్పుడు వీడియోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, లేకపోతే ఉన్న కాస్త నాణ్యతనూ అది నొక్కేస్తుంది.

రెండో డిస్కు ఎన్ఆర్‌జీ. ఇది నీరో అనే సీడీ రాసే సాఫ్ట్‌వేరు సొంత పద్ధతి. 2000 తర్వాత కొన్నేళ్లు మన ఊళ్లలో ఏ ఇంటర్నెట్ సెంటర్లో చూసినా సీడీ రైటరు పక్కన నీరోనే ఉండేది, అందుకే ఆ కాలపు ఫోల్డర్లలో ఇవి ఎక్కువ. దీని వివరాల పట్టిక ఫైలు మొదట్లో కాకుండా చివర్లో ఉంటుంది. హెచ్ఎక్స్‌డీలో ఫైలు చిట్టచివరికి వెళ్తే ఎన్, ఈ, ఆర్, 5 అనే గుర్తు, మరీ పాతదైతే నీరో అనే నాలుగు అక్షరాలు కనిపిస్తాయి. కాపీ చేసేటప్పుడు మధ్యలో ఆగిపోయి తోక తెగిన ఎన్ఆర్‌జీని చాలా ప్రోగ్రాంలు తెరవలేకపోవడానికి కారణం ఇదే. గుర్తు ఉంటే నిశ్చింతగా ఐసోబస్టర్‌లోనే తెరిచి, మొదటిదాని లాగానే వీడియో తీసుకోండి. లేకపోయినా పారేయకండి, లోపల వీడియో బైట్లు అలాగే ఉంటాయి, వాటిని వేరే దారిలో తీయవచ్చు.

మిగతా పేర్ల గురించి అడిగారు కాబట్టి చెబుతాను. ఐఎస్ఓ అన్న పేరు ఐఎస్ఓ 9660 అనే 1988 నాటి ప్రమాణం నుంచి వచ్చింది. అందులో మొదటి 16 సెక్టార్లు, అంటే 32,768 బైట్లు వదిలేసి, ఆ తర్వాతి సెక్టారులో రెండో బైటు నుంచి సీడీ001 అనే గుర్తు ఉంటుంది. విండోస్ 8 నుంచి ఐఎస్ఓ మీద రెండుసార్లు నొక్కితే చాలు, కొత్త డ్రైవులా తెరుచుకుంటుంది. బిన్, ఎన్ఆర్‌జీలకు ఆ సౌకర్యం లేదు. ఎండీఎఫ్, ఎండీఎస్ జంట ఆల్కహాల్ 120 శాతం అనే సాఫ్ట్‌వేరుది. సీసీడీ, ఐఎంజీ, సబ్ అనే మూడు ఫైళ్లు కలిసి ఉంటే అది క్లోన్‌సీడీ పని. ఇలాంటి జంటల్లో, మూకల్లో చిన్న ఫైలును పనికిరానిదని తుడిచేయడం నేను ఎక్కువగా చూసే నష్టం. డీఎంజీ యాపిల్ మ్యాక్ కంప్యూటర్లది. విండోస్‌లో చాలావాటిని 7-జిప్ అనే ప్రోగ్రాం తెరుస్తుంది.

పేరు మారిస్తే పని జరిగే సందర్భం అసలు లేదా అంటే, ఉంది. ఇక్కడ ఒక ప్రింటింగ్ ప్రెస్ అతను "కోరల్‌డ్రా ఫైలు తెరుచుకోవడం లేదు" అని పెన్‌డ్రైవ్ తెచ్చాడు. మన ప్రెస్సుల్లో శుభలేఖల డిజైన్లన్నీ సీడీఆర్ పేరుతోనే ఉంటాయి, కాబట్టి అతనికి అనుమానం రాలేదు. సైజు చూస్తే ఏకంగా వందల ఎంబీలు. హెచ్ఎక్స్‌డీలో 32,768 దాటి చూస్తే సీడీ001. బెంగళూరు నుంచి పంపిన మనిషి మ్యాక్‌లో సీడీ మాస్టర్ తయారు చేశాడు. మ్యాక్ అలాంటి డిస్క్ ఇమేజ్‌కు కూడా సీడీఆర్ అనే పేరే పెడుతుంది. చివర ఐఎస్ఓ అని మార్చగానే విండోస్‌లో తెరుచుకుంది, డిజైన్లన్నీ లోపల ఫోల్డర్లలో ఉన్నాయి. అక్కడ సరుకు ఐఎస్ఓనే, చీటీ ఒక్కటే వేరు. మీ విషయంలో సరుకే వేరు.

డీవీడీలు కూడా ఉన్నవారికి ఒక మాట. డీవీడీని ఐఎస్ఓగా దించడం సరైన పనే, అక్కడ వీసీడీ గొడవ లేదు. అయితే ఆ ఐఎస్ఓ తరచుగా 4 జీబీ దాటుతుంది. ఫ్యాట్32 పద్ధతిలో ఉన్న పెన్‌డ్రైవ్ 4 జీబీ కంటే పెద్ద ఫైలును తీసుకోదు. 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో అంత ఖాళీ ఉన్నా "ఫైలు చాలా పెద్దది" అంటోందని జనం తలపట్టుకునేది ఇందుకే. ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేస్తే సరిపోతుంది, కానీ ఫార్మాట్ చేసే ముందు అందులో ఉన్నవన్నీ తీసి పెట్టుకోండి.

ఇప్పటికీ ఇంట్లో డిస్కులు మిగిలి ఉన్నవారు దయచేసి ఈ పేరా చదవండి. సీడీలో సమాచారం ఉండే పొర మనం గీతలు పడకుండా కాపాడుకునే మెరుపు వైపు కాదు, పేరు రాసే వైపే పలచటి పూత కింద ఉంటుంది. పెళ్లి సీడీల మీద స్టూడియోవాళ్లు వధూవరుల ఫొటోతో గుండ్రటి స్టిక్కరు అంటించేవారు. ఏళ్లు గడిచాక దాని అంచు లేస్తుంది, చూడడానికి బాగాలేదని ఎవరో పీకేస్తారు. స్టిక్కరుతో పాటు వెండి పొర కూడా లేచి వస్తుంది. అలాంటి డిస్కును వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే చిల్లుల్లోంచి కాంతి కనిపిస్తుంది. ఆ చిల్లులున్న చోట వీడియో ఇక లేదు, ఏ ప్రోగ్రామూ తేలేదు. లేచిన స్టిక్కరును పీకకండి, అలాగే ఉంచి వీలైనంత త్వరగా నకలు తీయించండి. మెరుపు వైపు మురికిగా ఉంటే మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు నిలువుగా తుడవండి, గుండ్రంగా కాదు. వీసీడీ, పాటల సీడీ అయితే బిన్, క్యూగా, డేటా సీడీ, డీవీడీ అయితే ఐఎస్ఓగా తీయమని అడగండి.

పేరులో చివరి చుక్క తర్వాతి అక్షరాలను ఎక్స్‌టెన్షన్ అంటారు. వాటి గురించి తెలుసుకోవడం పాత సీడీలకే కాదు, మీ బ్యాంకు ఖాతాకూ అవసరం. విండోస్ తనకు తెలిసిన ఎక్స్‌టెన్షన్లను మామూలుగా దాచేస్తుంది. "బిల్లు.పీడీఎఫ్.ఈఎక్స్ఈ" అనే ఫైలు మీకు "బిల్లు.పీడీఎఫ్" అని కనిపిస్తుంది. విండోస్ 11లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి వ్యూ, అందులో షో, అందులో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ దగ్గర టిక్కు పెట్టండి. ఈ రోజే పెట్టండి. వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ అంటూ ఏపీకే ఫైలు వస్తే తెరవకండి, ఎంత దగ్గరి చుట్టం నంబరు నుంచి వచ్చినా సరే. శుభలేఖ ఫొటోగానో పీడీఎఫ్‌గానో వీడియోగానో వస్తుంది. ఏపీకే అంటే ఫోనులో కూర్చునే యాప్. అలాగే తెలియనివారి ఈమెయిలులో ఐఎస్ఓ జతచేసి వస్తే ముట్టుకోకండి. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైలు అని విండోస్ వేసే హెచ్చరిక ముద్ర ఐఎస్ఓ లోపలి ఫైళ్లకు పడేది కాదు. మోసగాళ్లు ఆ సందును బాగా వాడుకున్నారు. 2022 నవంబరులో మైక్రోసాఫ్ట్ దాన్ని సరిచేసింది, కానీ అప్‌డేట్ చేయని కంప్యూటర్లు మన చుట్టూ ఇంకా చాలా ఉన్నాయి.

చివరగా మీరు చేయవలసిన పరీక్ష ఒకటి ఉంది. వీసీడీలో నిమిషానికి సుమారు 10 ఎంబీల లెక్క. మీ బిన్ 600 ఎంబీలు ఉంటే దాదాపు గంట వీడియో అందులో ఉన్నట్టు. ఎన్ఆర్‌జీ సైజును కూడా అలాగే పదితో భాగించి, రెండో డిస్కు ఎంతసేపు ఉండేదో అక్కగారిని అడిగి పోల్చండి. లెక్క కుదిరితే ఐసోబస్టర్‌తో మీరే తీసుకోగలరు, నా అవసరం లేదు. బాగా తక్కువ వస్తే కాపీ మధ్యలో ఆగిపోయినట్టు. అప్పుడు ఆ ఫైలు సైజు బైట్లలో ఎంతో, హెచ్ఎక్స్‌డీలో దాని చివరి రెండు వరుసలు ఎలా ఉన్నాయో ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.